కడ్డీ ఒకటి, టీచరు ఒకరు

బండి కంపెనీ నుంచి దిగిన రోజున ఎట్లా ఉందో, తుక్కు కొట్టుకు పోయేదాకా అట్లాగే ఉండాలి. కొత్త రూలు ఇది. నాకు బాగా నచ్చింది. మనుషులకు కూడా పెడితే ఇంకా బాగుండేది. ఓట్లడగడానికి వచ్చిన రోజున ఎంత వంగి ఉన్నారో, గెలిచాక కూడా అంతే వంగి ఉండేవాళ్లు.

రూలు ఎందుకొచ్చిందో చెప్పాలి. మా పట్నంలో ఒక పెద్దాయన గ్రంథాలయం ప్రారంభించి మైకులో మాట్లాడుతున్నాడు. అదే సమయానికి రోడ్డు మీద ఒక కుర్రాడి కారు పోయింది. వాడు సైలెన్సరు మార్పించాడు. అది ఢాం ఢాం అని పేలుతుంది. పెద్దాయన బాంబు అనుకొని పూలదండతో సహా బల్ల కిందికి దూరాడు. సాయంత్రానికల్లా జిల్లా మొత్తం ఆ వీడియో చూసింది. మూడో రోజుకు సర్క్యులర్ వచ్చింది. ఇంతకీ ఆ కారు పెద్దాయన బామ్మర్ది కొడుకుది. అందుకని ఆ ఒక్కదాన్ని వదిలేసి, జిల్లాలో మిగతా బళ్లన్నిటినీ పట్టుకోవాలని నిర్ణయం జరిగింది. న్యాయం అంటే అందరికీ సమానం. ఒక్కరు మినహా.

తనిఖీకి 'వాహన మూల స్వరూప పరిరక్షణ పక్షోత్సవాలు' అని పేరు పెట్టారు. మిర్చి యార్డు వెనక మైదానంలో షామియానా వేశారు. రిబ్బను కట్టారు, కత్తిరించారు. తనిఖీ అధికారి త్రివిక్రమరావు గారు కుర్చీలో కూర్చున్నారు. ఆయన చేతిలో కార్ల కంపెనీల రంగుల బొమ్మల పుస్తకం. తనిఖీ అంటే కష్టమేమీ లేదు. బొమ్మలో లేనిది బండిలో ఉండకూడదు, అంతే.

మొదటి వేటు నిమ్మకాయల మీద పడింది. మా వైపు బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టకుండా బండి తీసేవాడు లేడు. ఏ కంపెనీ బొమ్మలోనూ నిమ్మకాయ లేదు. గుమాస్తా పానకాలు ఒక్కొక్కటే తెంపి గంపలో వేస్తుంటే, ఒక లారీ డ్రైవరు అడిగాడు.

"సార్, దారిలో దిష్టి తగిలితే ఎవరు పూచీ?"

"దిష్టి మా శాఖ పరిధిలోనిది కాదు," అన్నారు త్రివిక్రమరావు గారు.

తర్వాత సీటు కవర్లు పోయాయి. వెనక అద్దాల మీది దేవుళ్లు, సినిమా హీరోలు, పిల్లల పేర్లు పోయాయి. ట్యూబుకు పంచరు అతుకు ఉంటే అది చేర్పు. అద్దం పగిలి ఉంటే అది తగ్గింపు. టైరు అరిగి ఉంటే?

"అరుగుదల కూడా మార్పే. కంపెనీ అరగని టైరునే అమ్మినది," అన్నారు ఆయన.

ఒక జీపు ఓనరుకు ఓపిక పోయింది. బొమ్మల పుస్తకం మీద వేలు పెట్టి చూపించాడు. "సార్, ఈ బొమ్మలో జీపు పక్కన జలపాతం ఉంది. మరి అది నేను యాడినుంచి తేవాల?"

త్రివిక్రమరావు గారు నవ్వలేదు. చాలాసేపు బొమ్మ చూశారు. "జలపాతము విషయమై పై అధికారుల నుండి స్పష్టత కోరెదము. అంతవరకు మీ జీపు పెండింగు."

మూడో రోజున ఏలీశమ్మ టీచరు కారు వరసలోకి వచ్చింది.

ఆమెకు చిన్నప్పుడే రెండు కాళ్లకూ పోలియో వచ్చింది. రెండు చంకల కింద కర్రలు పెట్టుకొని నడుస్తుంది. ఆమె బడి ఊరికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరాన చింతలగుట్ట తండాలో. ఒక్కటే గది, ఒక్కతే టీచరు, పద్నాలుగు మంది పిల్లలు. బస్సు లేదు. ఆటోలు మిరపకోతల రోజుల్లో కూలీల కోసం తప్ప అటు తిరగవు. అందుకని ఆరేళ్ల కిందట పాత చిన్న కారు ఒకటి కొనుక్కుంది. మెకానిక్ మస్తాన్‌వలి దానికి స్టీరింగు కింద ఒక ఇనప కడ్డీ అమర్చాడు. ఎడమ చేత్తో నొక్కితే బ్రేకు, లాగితే ఎక్సలేటరు. క్లచ్చి కూడా గేరు కర్ర మీదికే తెచ్చాడు. ఆరేళ్లలో ఆ కారు ఒక కోడిపిల్లను కూడా తొక్కలేదు.

బడికి ఇంకొక రూలుంది. టీచరు వరసగా పది పనిదినాలు రాకపోతే ఆ బడి 'నిరుపయోగం'. దాన్ని వాగు అవతల ఉన్న మిట్టపాలెం బడిలో కలిపేస్తారు. బదులు టీచరును పంపరాదా అంటే, పంపడానికి టీచరు లేడు. వానాకాలం ఆ వాగు దాటడం పెద్దవాళ్లకే కష్టం. పిల్లలు దాటరు. తల్లుల వెంట మిరపచేలకు పోతారు, అక్కడే పెద్దవాళ్లవుతారు. కారు ఆగితే బడి పోతుంది. విషయం ఇంతే.

త్రివిక్రమరావు గారు బొమ్మ చూశారు. కారులోకి తొంగి చూశారు. మళ్లీ బొమ్మ చూశారు.

"సదరు వాహనము నందు తయారీదారు సమకూర్చని ఇనుప కడ్డీ ఒకటి కానవచ్చుచున్నది."

పానకాలు రాసుకున్నాడు.

"అది బ్రేకు సార్," అంది టీచరు.

"బ్రేకు పాదము వద్ద ఉండవలెను."

"నా పాదాలు బ్రేకు తొక్కేటట్టుంటే, దాన్ని చేతి దగ్గరకి ఎందుకు తెచ్చుకుంటా సార్?"

"పాదములు మా పరిధిలోనివి కావు. కడ్డీ మాత్రమే మా పరిధి."

మస్తాన్‌వలి చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. "సార్, ఒక్కసారి ఎక్కి కూర్చోండి. టీచరమ్మ ఆ గోడకి జానెడు దూరంలో ఆపి చూపిస్తది. ఆగకపోతే నా పేరు మార్చుకుంటా."

"ఆగుట ముఖ్యము కాదు. ఏ విధముగా ఆగినది అనునది ముఖ్యము."

కడ్డీ తీసేసి, మూల స్వరూపంలో కారును మళ్లీ తెచ్చి చూపించాలన్నారు. అప్పటిదాకా రోడ్డెక్కరాదు. తాళాలు మాత్రం ఉదారంగా ఇచ్చేశారు.

మర్నాడు మస్తాన్‌వలి ఏడుపు మొహంతో కడ్డీ విప్పాడు. విప్పాక తెలిసింది అసలు చిక్కు. కడ్డీ లేకుండా టీచరు నడపలేదు. మస్తాన్‌వలి నడపొచ్చు గాని, అది వికలాంగుల బండి, యజమాని తప్ప ఇంకెవరూ నడపరాదని కాగితంలో ఉంది. సరే, తోసుకుపోదాం అన్నాను, టీచరు పక్కింటివాణ్ణి గదా. ఆరుగురం కలిసి మెకానిక్ షెడ్డు నుంచి మిర్చి యార్డు దాకా తోశాం. లోపల టీచరు స్టీరింగు పట్టుకొని కూర్చుంది. "అయ్యా, ఊరేగింపుకి బ్యాండు ఒక్కటే తక్కువ," అంది.

త్రివిక్రమరావు గారు మమ్మల్ని గేటులోనే ఆపారు.

"తోయబడు వాహనము స్వయంచాలిత వాహనము కాజాలదు. తోపుడు బండ్ల విభాగము పురపాలక సంఘములో ఉన్నది."

అట్లా నాలుగు రోజులు పోయాయి. కడ్డీతో తెస్తే మార్పు, కడ్డీ లేకుండా తెస్తే తోపుడు బండి. తేకపోతే గైర్హాజరు. తండా నుంచి ఫోన్లు. పెద్దమనిషి హనుమా నాయక్ రోజూ పొద్దున్నే చేసేవాడు. "అమ్మా, పిల్లలు పలకలు పట్టుకొని గేటు కాడ కూసుంటన్నరు. ఏం చెప్పాల?" టీచరు ప్రతిసారీ "రేపొస్తా" అనేది. బడి ఆగిన ఆరో రోజున "రేపు" అనడానికి ఆమెకే సిగ్గేసింది.

ఆ రోజు నేను కాస్త గొంతు పెంచాను. నాకు చేతనైంది అదొక్కటే.

"సార్, మీ కళ్లద్దాలు మీరు పుట్టినప్పుడు మూల స్వరూపంలో ఉన్నాయా?"

ఆయన కళ్లద్దాలు తీశారు. చూశారు. అవి లేకపోవడంతో ఏమీ కనపడలేదు. మళ్లీ పెట్టుకున్నారు.

"కళ్లద్దాలతో బండి నడపొచ్చని లైసెన్సు మీదే రాస్తారు గదా? టీచరుకు కడ్డీ కూడా అంతే. కంటికి అద్దం, కాలికి కడ్డీ."

"కళ్లద్దములు మనిషికి ఉండును. కడ్డీ బండికి ఉన్నది. అయినను..." ఆయన మొహం వెలిగింది. "ఇది జిల్లా కమిటీకి నివేదించదగిన జటిల అంశము!"

కమిటీ అనగానే ఆఫీసుల్లో ఒక పండగ కళ వస్తుంది. ఐదుగురు సభ్యులు కూర్చున్నారు. జీడిపప్పు వచ్చింది. రెండు రోజులు చర్చించారు. నేను వరండాలో కూర్చొని విన్నాను. తలుపు మూసినా, పెద్దవాళ్ల గొంతులు పెద్దవి గదా.

"కడ్డీ తనంతట తాను బ్రేకు వేయునా?" అన్నారొకరు.

"వేయదు. చేయి నొక్కవలెను."

"చేయి ఎవరిది?"

"టీచరుది."

"టీచరు లేనిచో కడ్డీ వట్టి ఇనుము. కడ్డీ లేనిచో టీచరు..."

"వట్టి టీచరు."

"కనుక బ్రేకు అనగా కడ్డీ మరియు టీచరు. రెండునూ కలిసి ఒక్క పరికరము!"

లోపల బల్లలు చరిచారు. తొమ్మిదో రోజు సాయంత్రం ధ్రువపత్రం చేతికొచ్చింది. అందులో ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను: 'ఆమోదిత బ్రేకు వ్యవస్థ: కడ్డీ ఒకటి, టీచరు ఒకరు. ఇకమీదట ఇదియే ఈ వాహనము యొక్క మూల స్వరూపముగా పరిగణించవలెను.'

ఆమోదించిన ప్రతి భాగానికీ మెరిసే స్టిక్కరు అంటించాలట. పానకాలు కడ్డీకి ఒకటి అంటించాడు. రెండోది వేలి చివర పట్టుకొని టీచరు ముందు నిలబడ్డాడు. పాపం, చెమటలు పట్టాయి.

"అమ్మా... ఎక్కడ అంటించమంటారు?"

"కొంగుకి అంటించు నాయనా."

"కొంగు మారును," అన్నారు త్రివిక్రమరావు గారు. "భాగమునకే అంటించవలెను."

ఎడమ చేతి మణికట్టు మీద అంటించారు. మస్తాన్‌వలి పళ్లు కొరికాడు. "టీచరమ్మా, మనిషిని సామాన్ల లిస్టులో రాస్తే ఊరుకుంటావా?"

"రేపు పదో రోజు మస్తానూ," అంది ఆమె. "నన్ను బ్రేకు అనుకుంటారో, పంచరైన టైరు అనుకుంటారో, వాళ్లిష్టం. నాకు బడి తెరుచుకోవాల. కడ్డీ బిగించు."

పదో రోజు పొద్దున, ముందు సీటులో టీచరు, వెనక నేనూ మస్తాన్‌వలీ. కారు తండా చేరేసరికి తొమ్మిదిన్నర. బడి ముందు రెండు జీపులు ఆగి ఉన్నాయి. ఒకటి త్రివిక్రమరావు గారిది, ఆకస్మిక తనిఖీకి వచ్చారు. ఇంకోటి మండల విద్యాశాఖ అధికారిది. ఆయన కొత్త తాళంకప్ప ఒకటి, విలీనం కాగితాలు ఒక కట్ట తెచ్చారు. పన్నెండు గంటలకల్లా టీచరు గడప లోపల లేకపోతే పది రోజులు నిండినట్టే, బడి మిట్టపాలేనికి పోయినట్టే. పద్నాలుగు మంది పిల్లలూ గేటు పట్టుకొని వేలాడుతున్నారు. వాళ్ల వెనక తండా అంతా నిలబడి ఉంది.

కారును ఆవరణలోకి పోనిచ్చి, టీచరు తలుపు తీసి ఒక కర్ర కింద పెట్టింది. ఈల మోగింది.

"ఆగండి! భాగము ఊడుచున్నది!" త్రివిక్రమరావు గారు పరుగెత్తుకొచ్చారు. "నమోదైన భాగమును అనుమతి లేక వాహనము నుండి వేరుచేయుట నేరము. వాహనము జప్తు చేయబడును."

"సార్, నేను బడికి పోవాల."

"బడి మా పరిధిలోనిది కాదు."

"మరి ఇంటికి పోయినాక దిగాల గదా?"

"నిలిపి ఉంచిన వాహనమునకు బ్రేకు మరింత అవసరము."

"మధ్యలో లేవాల్సిన పని పడితే?"

ఆయన కొంచెం ఇబ్బంది పడ్డారు. చదువుకున్నవాడు గదా. "తాత్కాలిక విడదీతకు దరఖాస్తు ఉన్నది. నలభై ఎనిమిది గంటల ముందు, మూడు ప్రతులలో."

హనుమా నాయక్ తలపాగా తీసి నెత్తి గోక్కున్నాడు. "ఏందయ్యా ఇది! మా ఎద్దును కూడా బండి నుంచి ఇప్పుతాం గదయ్యా పొద్దుగూకితే!"

"ఎద్దు నమోదు కాలేదు," అన్నారు త్రివిక్రమరావు గారు.

విద్యాశాఖ అధికారి గడియారం చూసుకున్నారు. "టీచరు గారూ, మీరు ఆవరణలో ఉన్నారు. గడప లోపల లేరు. నిబంధనల రీత్యా మీరు రాలేదు."

"కనపడుతున్నా గదా సార్ మీకు?"

"కనిపించుట హాజరు కాదు."

ఆఫీసర్లిద్దరూ ఒకరికొకరు నమస్కారాలు పెట్టుకున్నారు. ఒకాయన ఆమె దిగకూడదంటారు, ఒకాయన దిగి లోపలికి రావాలంటారు. ఇద్దరిలో ఎవరూ రెండో ఆయన్ని తప్పు పట్టలేదు. వేరే శాఖ పనిలో తలదూర్చే కుసంస్కారం ఇద్దరికీ లేదు.

మస్తాన్‌వలికి ఒక ఆలోచన తట్టింది. "కారునే గదిలోకి పోనిస్తే?" టేపు తీసి కొలిచాడు. బడి తలుపు మూడడుగులు. కారు ఐదడుగుల చిల్లర.

"గోడ కొంచెం తీసేద్దాం సార్. మళ్లీ నేనే కట్టిస్తా," అన్నాడు హనుమా నాయక్.

"బడి భవనములో ఎట్టి మార్పు చేయరాదు," అన్నారు విద్యాశాఖ అధికారి. "మాకును సర్క్యులర్ ఉన్నది."

త్రివిక్రమరావు గారు మెచ్చుకోలుగా తలూపారు.

పదకొండయింది. పిల్లలు బోర్డును బయటకు లాక్కొచ్చి కారుకు ఆనించారు. టీచరు సీటులోంచే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి దాని మీద లెక్కలు రాసింది. పిల్లలు దుమ్ములో కూర్చొని చేశారు. అరగంట పాఠం నడిచింది. బాగానే నడిచింది. అయినా అది రాలేదన్న లెక్కలోకే పోతుంది. పావు తక్కువ పన్నెండుకు విద్యాశాఖ అధికారి తాళంకప్ప తీసి నూనె వేసుకుంటున్నారు.

మూడో తరగతి శాంతిబాయి కిటికీ దగ్గరకొచ్చింది.

"టీచరమ్మా, నువ్వు దిగితే ఏమైతది?"

"కారు పట్టుకుపోతారు."

"దిగకపోతే?"

 టీచరు ఆ పిల్ల వేళ్ల కేసి చూసింది. తొమ్మిది రోజులు బడి లేక తల్లి వెంట మిరపకోతకు పోయింది కాబోలు, గోళ్ల చుట్టూ ఎర్రబడి ఉంది. మిరప మంట ఎట్లా ఉంటుందో మా వైపు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

"జరుగమ్మా," అంది టీచరు.

రెండు కర్రలూ కింద పెట్టింది. ఈల మోగింది. లేచింది. ఈల ఇంకా గట్టిగా మోగింది. మొదటి అడుగు, రెండో అడుగు. "ఊడినది! బ్రేకు పూర్తిగా ఊడినది! రాయవయ్యా పానకాలూ!" అని త్రివిక్రమరావు గారి కేక. ఆమె వెనక్కి చూడలేదు. కారుకూ గడపకూ మధ్య పదకొండు అడుగులు. నేను లెక్కపెట్టాను. గడప దగ్గర పిల్లలు రెండు వైపులా జరిగి దారిచ్చారు, ఒక్కరూ పట్టుకోలేదు. ఆమెను ఎవరైనా పట్టుకుంటే ఆమెకు కోపం అని వాళ్లకు తెలుసు.

లోపలికి పోయి, కుర్చీలో కూర్చొని, కర్రలు గోడకు ఆనించి అంది. "సార్, హాజరు వేసుకోండి. ఇంకా ఆరు నిమిషాలుంది."

విద్యాశాఖ అధికారి తాళంకప్ప జేబులో పెట్టుకున్నారు. రూలు రూలే. హాజరు వేశారు.

బయట త్రివిక్రమరావు గారు పంచనామా రాయించారు. బ్రేకు లేని వాహనాన్ని నడపకూడదు కాబట్టి లారీ తెప్పించి దాని మీదికెక్కించారు. జప్తు జాబితా నేను కళ్లారా చూశాను: 'కారు ఒకటి. కడ్డీ ఒకటి. టీచరు: లభ్యము కాలేదు.' ఎదురుగా కనపడుతోంది గదయ్యా అన్నాను. గదిలో ఉన్నది విద్యాశాఖ వారి టీచరు, మాకు కావలసినది మా బ్రేకు, విద్యాశాఖ ఆస్తిని ముట్టుకునే అధికారం మాకు లేదు అన్నారు. ఆయన దుర్మార్గుడు కాడు. అదే అసలు బాధ.

మస్తాన్‌వలి లారీ మీద పోయే కారు కేసి చూసి ఏదో తిట్టు తిట్టాడు. అది అచ్చులో వేయరు.

సాయంత్రానికి హనుమా నాయక్ తన ఇంటి ముందు గది ఖాళీ చేయించాడు. బడికి ముప్ఫై అడుగుల దూరం. టీచరు పట్నంలో ఇల్లు వదిలి, ట్రంకు పెట్టె, స్టవ్వు, బైబిలు, రెండు దుప్పట్లతో అక్కడికి మారిపోయింది. ఇష్టంతో మారిందని రాస్తే అబద్ధం. ఆదివారం చర్చికి పోలేదు, అక్క ఇంటికి పోలేదు, డాక్టరు దగ్గరికి పోవాలంటే ఎవరో ఒకరు మోసుకుపోవాలి. ఆరేళ్లు తన బండి తను నడుపుకున్న మనిషి. దానికోసం నేను ఇప్పటికి ఇరవై మూడు అర్జీలు పెట్టాను. ఇరవై నాలుగోది రాస్తున్నాను.

కారు మిర్చి యార్డు వెనక ఉంది. దాన్ని విడిపించాలంటే అన్ని భాగాలూ హాజరుపరచాలి. ఒక భాగం దొరకడం లేదు. అందుకని శాఖ వారు పత్రికాముఖంగా ప్రకటించారు: 'బ్రేకు పరారీలో ఉన్నది.' గాలింపునకు మూడు బృందాలు వేశారు.

మొన్న ఒక బృందం తండాకు వచ్చింది. బృందం అంటే పానకాలు ఒక్కడే, మిగతా ఇద్దరూ సెలవు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను, అర్జీ మీద టీచరు సంతకం కోసం. పిల్లలు ఎక్కాలు చెబుతుంటే పానకాలు బడి గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"పిల్లలూ, ఇక్కడెక్కడైనా ఒక బ్రేకు కనపడిందా?"

"ఎట్టా ఉంటది సార్ అది?" అంది శాంతిబాయి.

పానకాలు కాగితం చదివాడు. "ఎత్తు నాలుగడుగుల పదంగుళాలు. చామనచాయ. ఎడమ మణికట్టు మీద స్టిక్కరు. రెండు కర్రల సాయంతో నడుచును."

పద్నాలుగు తలలు టీచరు వైపు తిరిగాయి. పద్నాలుగు తలలూ మళ్లీ పానకాలు వైపు తిరిగాయి.

"మా తండాలో అట్టాంటి బ్రేకు లేదు సార్!"

టీచరు సుద్దముక్క పట్టుకొని, మొహం బోర్డు వైపే పెట్టుకొని నిలబడి ఉంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుపో నవ్వో వెనక నుంచి తెలియలేదు.

పానకాలు గుమ్మానికి కాగితం ఆనించి రాశాడు: 'తండా యంతయు గాలించితిమి. లభించలేదు.' కుండలోంచి చెంబెడు నీళ్లు ముంచుకొని తాగాడు. పోబోతూ ఆగాడు.

"అమ్మా," అన్నాడు. "వెనక వరసలో ఎనిమిదో ఎక్కం తప్పు చెబుతున్నారు. కాస్త చూడండి."